రుమాలు కింద చెయ్యి

నా చిన్నప్పుడు మా బోధన్‌లో నోటితో చేసేవన్నీ చిల్లర బేరాలు. వంకాయలకు, గాజులకు, చీరలకు నోరు చాలు. అసలు బేరం అంటే పశువుల అంగడిలో ఎద్దుల బేరం. అది రుమాలు కింద జరిగేది. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, కలిపిన చేతుల మీద కప్పుకునేవారు. ఆ గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని మాట చెప్పుకునేవారు. ఒక వేలు పడితే ఒకటి, గుప్పిట నిండా పడితే ఐదు, అరచేతిలో గోటితో గీకితే కుదరదని. చుట్టూ ఎంతమంది మూగినా ఎవరికీ ఒక్క అంకె తెలిసేది కాదు. పైకి మాత్రం వాళ్ళిద్దరూ ఈ ఏడు చలి ఎక్కువైందనో, చెల్లెలి కూతురికి సంబంధం కుదిరిందనో ముచ్చట పెట్టుకుంటూ ఉండేవారు. ఒకటే నియమం: బేరం తెగేదాకా రుమాలు తీయకూడదు. మధ్యలో తీసినవాడి ఎదుట మళ్ళీ ఎవరూ చెయ్యి చాపరు.

ఈ విద్య ఆడవాళ్ళకు నేర్పరు. పదేళ్ళ వయసులో నాకు నేర్పారు. నా తెలివి చూసి ముచ్చటపడి నేర్పారనుకుని నెల రోజులు మురిసిపోయాను. కారణం వేరే ఉందని తెలిసిన రోజు నా ముఖం ఎలా ఉండిందో నేను చూసుకోలేదు గానీ, చూసినవాళ్ళు చాలాకాలం నవ్వుకున్నారు.

మా బాపుది కిరాణం దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. చింతపండు బుట్టల మధ్య పాకి, మిరపకాయల ఘాటుకు తుమ్మి పెరిగినదాన్ని. బేరం నాకు ఎవరూ నేర్పలేదు, ఒంటికి పట్టింది. మా అవ్వ ఒక కథ చెప్తానంటే రెండు చెప్తేనే పడుకుంటాననేదాన్ని. అమ్మ ఒక ముద్ద తినమంటే, సగం ముద్దకు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని దాని మీద నెయ్యి అడిగేదాన్ని. "ఇది ఏ ఇంటికి పోతదో గని, ఆ ఇంటి కడపకు గూడ బేరం పెడ్తది" అని అవ్వ అనేది. అవ్వ మాట అక్షరాలా నిజమైంది. ఆ సంగతి మా ఆయన చెప్పాలి గానీ నేను చెప్పకూడదు.

మా బజారు సొంపంతా చెరుకు సీజన్‌లోనే. చలి మొదలయ్యాక చక్కెర ఫ్యాక్టరీ కూత వేసేది. ఆ రోజు నుంచి ఎండలు ముదిరేదాకా ఊరంతా చెరుకు మడ్డి వాసనే. పొద్దున్నుంచి చెరుకు బండ్లు మా దుకాణం ముందు నుంచే వరస కట్టి ఫ్యాక్టరీకి పోయేవి. మా దుకాణానికి పదో దుకాణం దగ్గర రోడ్డు మలుపు తిరిగి చిన్న మిట్ట ఎక్కుతుంది. అక్కడ ఎద్దులు మెడలు వంచి గుంజుతాయి, బండివాడి చూపు ముందే ఉంటుంది. పిల్లలకు అదే అదను. వెనక నుంచి ఉరికి గడలు లాగేవాళ్ళం. దానికీ ఒక పద్ధతి ఉంది. అంచున ఉన్న గడ లాగితే కట్ట కదిలి బండివాడికి తెలిసిపోతుంది. కట్ట నడుమ గడ చూసి, బండి ఊపుకు మన ఊపు కలిపి ఒక్క లాగు లాగాలి. మా గుంపులో నా అంత శుభ్రంగా లాగేవాళ్ళు లేరు. ఆ గొప్ప ఇప్పటికీ నాకుంది.

ఆ ఏడు మాఘం చలిలో బజారు పిల్లలందరికీ జ్వరం వచ్చింది. ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు మంటలు. వారం తిరిగేసరికి ఒక్కొక్కరే లేచి గోలీలాటకు పోయారు. నా జ్వరం కూడా పోయింది. అవ్వ తలకు పోసి, దిష్టి తీసి, "ఇగ మంచిగైంది పిల్ల" అని అందరికీ చెప్పింది. నేనూ అదే చెప్పాను. కానీ మిద్దె మీద ఎండిన బట్టలు తేవడానికి మెట్లెక్కితే చాలు, గుండెలో పిండి గిర్ని తిరిగేది. దడదడ కాదు, గిర్నే. పైకి చేరేసరికి కాళ్ళు నావి కావు. బట్టల తీగ పట్టుకుని, ఎవరైనా చూస్తే గాలి పీలుస్తున్నట్టు నిలబడేదాన్ని.

ఎవరికీ చెప్పలేదు. సరుకులో లోపం ఉంటే నిగనిగలాడేవి పైన పేర్చాలి, మెత్తబడ్డవి కింద పెట్టాలి. మా బజారు గాలి పీల్చినవాళ్ళకు ఇది వేరే నేర్పక్కరలేదు. నేను అన్నం బాగా తిన్నాను, గట్టిగా నవ్వాను, ముఖం కడిగి పౌడరు రాసుకున్నాను. మెత్తబడ్డది లోపల పెట్టి, పైన మంచివి పేర్చి, బజారులోకి పోయాను. మలుపు దగ్గర చెరుకు బండి వెనక ఉరికాను.

నాలుగు అడుగులు గుర్తున్నాయి. చెయ్యి గడను తాకడం కూడా గుర్తుంది. తరవాత కళ్ళ ముందు నల్లగా అయింది. కళ్ళు తెరిచేసరికి నా మెడపట్టి ఒకరి గుప్పిట్లో ఉంది, వెనక బండి ఎద్దు మూతి నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. నన్ను ఆ ఎద్దు కాళ్ళ కిందికి పోకుండా లాగినాయన మా పక్కింటి దలాల్ తాత.

ఆయన పశువుల అంగళ్ళలో బేరాలు కుదిర్చేవాడు. తెల్ల మీసాలు, ఎర్ర రుమాలు, చేతిలో కర్ర. సరిహద్దు అంగళ్ళకు పోయి వచ్చి తెలుగులో మరాఠీ కలిపి తిట్టేవాడు, ఆ తిట్లు వినడానికి పిల్లలు కావాలని ఆయన గడప తొక్కేవారు. ఆ రోజు మాత్రం ఏ భాషలోనూ తిట్టలేదు. నన్ను భుజాన వేసుకుని మా ఇంట్లో దించి, బాపును వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు చాలాసేపు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. గుండెలో దోషం లేదన్నాడు. జ్వరం పోయింది గానీ ఒంటికి ఇంకా ఆ సంగతి తెలియదు, జ్వరంలో ఉరికినట్టే గుండె ఇంకా ఉరుకుతున్నది, కొందరికి నెమ్మదించడానికి వారాలు పడుతుంది అన్నాడు. మంచం మీదే పడేయవద్దు, ఉరకనివ్వవద్దు. రోజూ పొద్దున నాడి చూసి, అది నెమ్మదిగా ఉన్న కొద్దీ కొంచెం కొంచెం నడిపించాలి. మళ్ళీ కళ్ళు తిరిగితే వెంటనే తీసుకురావాలి. నాడి ఎలా చూడాలో, గడియారం పెట్టుకుని ఎలా లెక్కపెట్టాలో బాపుకు చేసి చూపించాడు.

చిక్కు అక్కడే వచ్చింది. పొద్దున్నే బాపు నా మణికట్టు పట్టుకుంటే, ఈ రోజు బయటికి పంపుతారో లేదో అన్న భయంతోనే నా గుండె ఎగిరి గంతేసేది. అది చూసి అమ్మ, "అమ్మో, నిన్నటికంటే ఎక్కువే ఉన్నది" అని మళ్ళీ మంచంలో పడుకోబెట్టేది. నేను ఊపిరి బిగబట్టి చూశాను, చెయ్యి మెలితిప్పి చూశాను, చివరికి మంచం కిందికి దూరి చూశాను. పది రోజులు గదిలోనే గడిచాయి. కిటికీ అవతల మా గుంపు నిలబడి గడలు నమిలి పిప్పి ఉమ్మేది. "ఓ ముసలవ్వా, పండ్లున్నయా, ఊడినయా?" అని వెక్కిరించేది. రోజూ కూత వినపడేది, రోజూ బండ్లు పోయేవి. సీజన్ అయిపోతుంది, నేను ఇలాగే గోడ వైపు తిరిగి ముసలిదాన్నయిపోతాను అనుకున్నాను. ఇప్పుడు నిజంగా ముసలిదాన్నే, కానీ ఆ పది రోజుల్లో ఉన్నంత ముసలితనం మళ్ళీ రాలేదు.

పదకొండో రోజు పొద్దున దలాల్ తాత వచ్చాడు. మంచం పక్కన కాదు, మా దుకాణం అరుగు మీద నిలబడి లోపలికి కేక వేశాడు.

"ఏం సేఠానీ, బేరానికొస్తవా?"

నన్ను సేఠానీ అని, అంటే షావుకారమ్మ అని, పిలిచినవాడు ఆయన ఒక్కడే. నేను గోడ పట్టుకుని బయటికి వచ్చాను. ఆయన తల మీది ఎర్ర రుమాలు విప్పి నా చెయ్యి మీద కప్పాడు. అమ్మ ఏదో అనబోతే బాపు కళ్ళతోనే ఆపాడు. వేళ్ళ లెక్క నేర్పడానికి అరగంట పడుతుందన్నాడు, నాకు పావుగంటే పట్టింది. బేరం ఏమిటంటే, ఆ రోజు నేను ఎన్ని దుకాణాల దూరం నడవవచ్చన్నది. అన్ని దుకాణాలు నడిచి, చివరి దుకాణంలో స్టూలు మీద కూర్చుని, అలసట తీరాక తిరిగి రావాలి. మా బజారులో ప్రతి దుకాణంలోనూ ముచ్చట్లకు వచ్చేవాళ్ళ కోసం ఒక స్టూలు ఉండేది. పదో దుకాణం మలుపు. ఆ మలుపు నాకు కాశీ.

మొదటి రోజు నేను ఆయన గుప్పిట మొత్తం పట్టుకున్నాను, ఐదని. ఆయన నా అరచేతిలో గీకాడు. నాలుగు పట్టాను. గీకాడు. ఇంతలో ఆయన వానల గురించి, జొన్నల గురించి, ఎక్కడో అంగడిలో తప్పిపోయిన కోడె గురించి తీరిగ్గా చెబుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం నా తల మీదుగా దుకాణం లోపలి గోడకేసి ఉన్నాయి. బేరంలో పండినవాడు ఎదుటివాడి ముఖం చూడడు కాబోలనుకుని, నేనూ అటూ ఇటూ చూస్తూ ఆయన్ని అనుకరించాను. చివరికి రెండు వేళ్ళకు తెగింది. రెండో దుకాణం గాజులామెది. అక్కడిదాకా నడిచి స్టూలు మీద కూర్చుంటే, రాజ్యం గెలిచినట్టుంది. గుండె ఎగిరింది, కొంతసేపటికి దిగింది. దిగుతుందని నాకు తెలిసింది ఆ స్టూలు మీదే.

అప్పటి నుంచి ప్రతి పొద్దునా అరుగు మీద బేరమే. రెండు, రెండు, మూడు, మళ్ళీ రెండు, మూడు. నేను అడిగింది ఒక్కనాడూ ఇవ్వలేదు, ఊరికే పోనివ్వనూ లేదు. ఒకరోజు సాయంత్రం ఎవరూ చూడకుండా మిద్దె మీద గాలిపటం వెనక ఉరికాను. మర్నాడు పొద్దున ఆయన రుమాలు కప్పి, కోడె కథ సగం చెప్పి, ఒక్కటంటే ఒక్క వేలు పట్టాడు. నేను నోరు తెరిచాను. ఈయనకెలా తెలిసింది? అవ్వ చాడీ చెప్పిందని రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. పాపం, అవ్వకు ఏమీ తెలియదు.

ఆ ముచ్చట్లలోనే ఆయన నాకు ఎద్దుల సంగతులు చెప్పాడు. కొమ్ములు, పండ్లు, సుడులు చూసి కొనేవాడు పిచ్చోడట. అన్నింటికంటే మోసం గాలికుంటు రోగం వచ్చి పోయిన ఎద్దు దగ్గర జరుగుతుందట. నోటి పుండ్లు మానతాయి, గిట్టలు మానతాయి, మేత మేస్తుంది, ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తుంది. అంగడిలో నిలబెడితే రాజే. "గని ఎండల బరువు బండికి కట్టు, అప్పుడు సూడు. నాలుక బయటేసి కుక్కలెక్క రొప్పుతది. గుండె నెమ్మదియ్యలే ఇంక. దాన్ని పని లేకుంట నిలవెట్టొద్దు, పూర బరువు పెట్టొద్దు. సగం బరువు, సగం దూరం. తొందరవడ్డోడు ఎద్దును పోగొట్టుకుంటడు." అందుకే ఆయన ఏ ఎద్దునైనా ముందరి కాలి వెనక అరచెయ్యి పెట్టి చూశాకే మాట ఇచ్చేవాడట. నేను ఊ కొట్టాను. ఆ ఎద్దు ఎవరో నాకు తట్టలేదు. బేరంలో నా కంటే తెలివైనవాళ్ళు లేరనుకునేవాళ్ళకు అంత తొందరగా తట్టదు.

హోళీ రంగులు గోడల మీద వెలిసిపోకముందే సీజన్ ఆఖరుకు వచ్చింది. ఇంక బండ్లు రెండు రోజులే అన్నారు. మా గుంపు కిటికీ దగ్గరికి వచ్చి ఆఖరి బండ్ల పండుగకు రమ్మని పిలిచింది. వెక్కిరించకుండా పిలిచింది, అందుకే ఇంకా మండింది. అప్పటికి నేను ఆరు దుకాణాల దాకా పోయి వస్తున్నాను. ఆ పొద్దున అరుగు మీద రుమాలు కింద చెయ్యి పెట్టి రెండుసార్లు ఆయన గుప్పిట నిండా పట్టాను. ఐదూ ఐదూ పది. మలుపు.

ఆయన గీకాడు. తొమ్మిది అడిగాను. గీకాడు. రాత్రంతా ఆ మలుపు తలుచుకుని నిద్రపోలేదు నేను, కాళ్ళు లాగుతున్నాయి, ఆ సంగతి నాకే తెలుసు అనుకున్నాను. ఆయన మూడు వేళ్ళు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆరు నుంచి మూడుకు! కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుమాలు అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

బజారు మధ్యలో బేరం రుమాలు తీసేశాను. ఎదురు దుకాణం వాళ్ళు కూడా చూశారు. అప్పుడు కనపడింది. ఆయన కుడిచెయ్యి నా మూడు వేళ్ళు పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి వేళ్ళు నా మణికట్టు మీద, సరిగ్గా నాడి మీద ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది కూడా బేరం పట్టే అనుకున్నాను. ఆయన కళ్ళు ఎప్పటిలాగే నా తల మీదుగా పోతున్నాయి. వెనక్కి తిరిగి చూశాను. మా దుకాణం గోడ గడియారం.

నెల రోజులుగా నేను బేరం చేస్తున్నాననుకున్న ప్రతి పొద్దునా ఆయన నా గుండెను లెక్కపెడుతున్నాడు. భయపడితే ఎగిరే గుండెను, బేరం సరదాలో పడేసి, తన అసలు నడక నడవనిచ్చి, కోడె కథ చెబుతూ లెక్కపెడుతున్నాడు.

"దొంగ!" అన్నాను. తాతను అలా అన్నానని అమ్మ లోపల నుంచి పరుగున వచ్చింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"బిడ్డా, నేను బేరం చేసింది నీతోని గాదు" అన్నాడు, నా ఛాతీ వైపు గడ్డంతో చూపించి. "మాల్ దానిది. అది మాల్కిన్, సొంతదారు. నువ్వు నడిమిట్ల దలాల్‌వి, నాలెక్కనే. మాల్కిన్ మూడంటె దలాల్ పదికి ఒప్పుకుంటె, గా బేరం నిలుస్తదా? నిలవకుంటె ఏమైతదో నీకెర్కనే. ఎద్దు కాళ్ళ కాడ్నుంచి ఎత్తుకొచ్చిన నిన్ను."

జీవితంలో మొదటిసారి మారు బేరం పెట్టకుండా ఒప్పుకున్నాను. చెప్పులు వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా మూడో దుకాణం దాకా నడిచాను. అది దర్జీ మామది. స్టూలు మీద కూర్చుని మలుపు కేసి చూస్తూ మూతి ముడుచుకున్నాను. అక్కడ మా గుంపు గోడ చాటున నక్కి ఉంది.

ఎండ ఎక్కుతోంది. ఒక చెరుకు బండి వచ్చింది. నిండా బరువు, పైకి ఎత్తుగా కట్టలు. బండి ఇంకా దగ్గరికి రాకముందే నాకు ఒక చప్పుడు వినపడింది. గిర్ని చప్పుడు. ఎడమ పక్క ఎద్దు నోరు తెరిచి, నాలుక బయటేసి, పక్కలు ఎగరేస్తూ రొప్పుతోంది. రెండో ఎద్దు మామూలుగా నడుస్తోంది. రొప్పే ఎద్దే రెండింట్లోకీ నిగనిగలాడుతోంది. దాని ఒళ్ళు చూసి ఎవరూ దానికేమీ కాలేదనే అనుకుంటారు. పౌడరు రాసుకున్న నా ముఖం నాకు గుర్తొచ్చింది.

"ఓ మామా! బండాపు!"

బండివాడు కొరడా ఊపాడు. "గడ కావాల్నా పోరి? పో పో, ఆడ మిట్ట కాడ గుంజుకుంటరు గద మీరంత!"

"గడ వద్దు. నీ ఎద్దుకు గాలికుంటొచ్చిందా?"

పగ్గం బిగిసింది. బండి ఆగింది. "నీకెట్లెర్క? వచ్చి పోయింది, రెండు నెల్లాయె. ఇప్పుడు మంచిగనే ఉన్నది. మంచిగ మేస్తున్నది."

"నేను గూడ మంచిగనే తింటున్న" అన్నాను. బజారంతా వింటోందని తెలుసు. దర్జీ మామ మిషన్ ఆగింది. మా అరుగు మీద దలాల్ తాత ఎర్ర రుమాలు కనపడుతోంది. "జ్వరం పోయి నెలన్నరాయె. మంచిగ తింటున్న, మంచిగ నవ్వుతున్న. గని పది దుకాణాలు నడువమంటె నాతోని కాదు మామా. నా గుండె గిట్లనే కొట్టుకుంటది. దాన్ని మిట్ట ఎక్కియ్యకు."

అంతకు ముందు 'నాతోని కాదు' అన్న మాట నా నోటి నుంచి ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. అన్నాక భూమి బద్దలవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. పైగా ఛాతీ మీద నుంచి ఎవరో బస్తా దించినట్టయింది.

తాత కర్ర తాటించుకుంటూ వచ్చి, ఎద్దు ముందరి కాలి వెనక అరచెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచి, బండివాడి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "పిల్ల సక్కగ జెప్పింది. సగం దించు. నీళ్ళు తాపి నీడకు కట్టు, చల్లవడ్డంక పో." బండివాడు గొణిగాడు. ఎద్దు పక్కలు చూశాడు. గొణుగుడు ఆపి కట్టలు దించడం మొదలుపెట్టాడు. సగం చెరుకు దర్జీ మామ దుకాణం పక్కన గోడకు పేర్చి, రెండో తిరుగుడుకు వచ్చి తీసుకుపోతానన్నాడు. మరి కావలి ఎవరు? చుట్టూ చూశాడు. కదలకుండా స్టూలు మీద కూర్చుని ఉన్నది నేనొక్కదాన్నే.

"దొంగ చేతికే తాళం ఇస్తున్నవురా" అని తాత అంటే బజారంతా నవ్వింది.

ఆ పగలంతా నేను చెరుకుకు కావలి కాశాను. మా గుంపు వచ్చింది. ముందు బుజ్జగించింది, తరవాత బెదిరించింది. "నువ్వు మా దిక్కా, బండోని దిక్కా?" అంది. ఏ కట్టలో ఏ గడ లాగితే కదలదో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే ఒక్కటీ కదలనివ్వలేదు. మాల్కిన్ ఒప్పుకోనిది ఇక్కడ దలాల్ ఇవ్వదు అని చెప్పాను. వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పొద్దు వాలకముందే బండివాడు వచ్చాడు. ఎద్దు నెమ్మదిగా ఊపిరి తీస్తోంది, చెవులు ఆడిస్తోంది. చెరుకు ఎక్కించుకుని, నా ఒళ్ళో ఐదు గడలు పెట్టి పోయాడు. అంత సీజన్‌లోనూ లాగకుండా దొరికిన గడలు అవే. అందరికీ పంచాను. పొడవుది ఎవరి వాటాకు వచ్చిందో అడగకండి.

మర్నాడు పొద్దున భయపడుతూ అరుగు మీదికి వచ్చాను. రుమాలు తీసినదాన్ని కదా. తాత వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రుమాలు తల మీదే ఉంది, విప్పలేదు.

"రుమాలు తీసినోళ్ళతోని ఎవ్వరు బేరం చెయ్యరు గద తాతా" అన్నాను.

"చెయ్యరు" అన్నాడు. "గని దాచుకునేటిది లేనప్పుడు రుమాలెందుకే సేఠానీ?"

నేను మణికట్టు తిప్పి ముందుకు చాపాను. గోడ గడియారం ఇద్దరం చూశాం. బాపు చూస్తుండగా, అమ్మ చూస్తుండగా, నా గుండె ఆ రోజు తన లెక్క తాను చెప్పుకుంది. నాలుగు దుకాణాలు. తరవాత ఐదు. ఉగాది దాటాక ఒకరోజు మలుపు దాకా నడిచాను. అప్పటికి బండ్లు లేవు. మిట్ట మీద చెరుకు ఆకులు గాలికి దొర్లుతున్నాయి. నడిచి వచ్చి, అలవాటుగా స్టూలు వెతుక్కుని, అవసరం లేదని తెలిసి నిలబడే ఉన్నాను.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో మా కొడుకు ఇల్లు మొదటి అంతస్తు. రెండు నెలల కిందట మా ఇంట్లో అందరికీ వైరల్ జ్వరం వచ్చింది. అందరూ లేచారు. నేనూ లేచాను. ఒకరోజు మెట్లెక్కుతుంటే సగం మెట్ల మీద పాత గిర్ని మళ్ళీ తిరిగింది. యాభై ఎనిమిదేళ్ళ తరవాత కూడా ఆ చప్పుడు గుర్తుపట్టాను. కోడలు పైనుంచి "ఏమైందత్తమ్మా?" అంది. చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంటున్నాననొచ్చు. నాకు తెలిసిన సాకులన్నీ నోటి చివరకు వచ్చాయి, నేను మామూలు ఘటాన్ని కాదు కదా. అయినా ఆ మెట్టు మీదే కూర్చుని, "జెర ఆగు బిడ్డా, నాతోని కాదు. గుండె ఉరుకుతున్నది. దవాఖానకు పోదాం" అన్నాను.

డాక్టరమ్మ మా మనవరాలి ఈడుది. ఈసీజీ తీసింది, రక్తం పరీక్షలు చేయించింది, అన్నీ బాగున్నాయంది. జ్వరం తరవాత కొందరికి ఇలా కొన్నాళ్ళు ఉంటుందట. నీళ్ళు బాగా తాగాలి, కొంచెం కొంచెంగా నడక పెంచాలి, ఛాతీలో నొప్పి వచ్చినా కళ్ళు తిరిగినా ఆలస్యం చేయకుండా రావాలి. ఎన్నాళ్ళంటే ఎనిమిది వారాలు పట్టవచ్చంది. నేను ఆరు చేసుకోమన్నాను. ఆ అమ్మాయి నవ్వి, అది నా చేతుల్లో లేదమ్మా అంది. ఎవరి చేతుల్లో ఉందో నాకు తెలుసు. ఊరికే అలవాటు కొద్దీ అడిగాను.

కొడుకు నా చేతికి గడియారం కట్టాడు, అదే నాడి లెక్కపెడుతుందట. కట్టుకున్నాను, కాదనలేదు. కానీ పొద్దున లేవగానే బాల్కనీలో కూర్చుని, రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టుకుని, గోడ గడియారం చూస్తాను. మా సందులో మలుపు దాకా తొమ్మిది దుకాణాలు ఉన్నాయి. ప్రతి దుకాణంలోనూ కాకపోయినా, మందుల దుకాణంలో ఒక కుర్చీ, టిఫిన్ బండి దగ్గర ఒక స్టూలు, సైకిళ్ళ దుకాణంలో బోర్లించిన డబ్బా ఉన్నాయి. నేను కూర్చుంటే వాళ్ళు ఏమీ అనరు. ఎందుకు కూర్చుంటున్నానో మొదటి రోజే అందరికీ చెప్పాను. కూరగాయల దగ్గర ఇప్పటికీ అబద్ధాలే ఆడతాను, లేత వంకాయను ముదిరిందంటాను. ఈ ఒక్క సరుకు దగ్గర మాత్రం మెత్తబడ్డవి పైనే పేరుస్తాను.

ఈ పొద్దున ఆరు అడిగాను. గుండె ఇవ్వనంది. ఐదన్నాను. వేళ్ళ కింద కొట్టుకుంటూ కాసేపు విని, నాలుగంది. మాల్ దానిది, నేను ఉత్త దలాల్‌ని. సరేనని చెప్పులు వేసుకున్నాను.